చెట్లమందు కూడ మందే: మందుల దుకాణములో దాచరాని మాట

విజయవాడ రహదారి మీదుగా హైదరాబాదు నగరమునకు వచ్చు పల్లెవాసులకు మొదట ఎదురగు పెద్ద కూడలి ఎల్.బి. నగరు. సూర్యాపేట, నకిరేకల్లు, చిట్యాల, చౌటుప్పలు వైపునుండి వచ్చు బస్సులు ఇచ్చట జనమును దించి ముందుకు సాగును. ఇబ్రహీంపట్నము వైపు గ్రామములవారికిని ఇదియే చేరువ. 2018 సెప్టెంబరులో అమీరుపేటనుండి ఎల్.బి. నగరు వరకు మెట్రో రైలు నడచుట మొదలైన పిదప ఈ కూడలి ప్రాముఖ్యము మరింత హెచ్చినది. ఇచ్చటినుండి చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగరు వరకు రహదారికి ఇరుప్రక్కల ఆసుపత్రులు, రోగపరీక్షా కేంద్రములు, మందుల దుకాణములు కానవచ్చును.

తెల్లవారుజామున ఊరిలో బస్సెక్కిన రైతు ఇచ్చట దిగి, వైద్యుని దర్శించి, రక్తపరీక్షలు చేయించుకొని, సాయంకాలపు బస్సు తప్పిపోవునేమో యను తొందరతో మందుల దుకాణము ముందు నిలుచును. అతడు అచ్చట నిలుచునది రెండు మూడు నిమిషములు మాత్రమే. అయినను వైద్యుడు వ్రాసిన గోలీలు, ఇంటిలో వాడుచున్న చెట్లమందు, పొరుగువారు చెప్పగా కొన్న బలవర్ధక చూర్ణము, ఈ మూడును తెలిసిన మనిషి దృష్టికి ఒకేచోట రాదగిన తావు అదియే. ఆ రెండు మూడు నిమిషములలో ఏమి అడుగవలెను, ఏమి చెప్పవలెను అనునదే ఈ పాఠము. పంచాయతీ సభ్యులు దీనిని తాము గ్రహించి, తమ గ్రామస్థులకు తెలియజెప్పవలెనని మా కోరిక.

ఒక ఉదాహరణము

ఒక ఉదాహరణమును గైకొందము. ఇది ఫలానా వారి కథ కాదు. ఏ ఊరిలోనైనను జరుగదగిన సంగతి. ఒక వృద్ధురాలికి గుండె కవాటము మార్చిరి. నాటినుండి రక్తము గడ్డకట్టకుండ ఉండుటకు ఆమె ప్రతిదినము ఒక గోలీ వేసికొనుచున్నది. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ అను మందులు ఈ తరగతిలోనివి. మోతాదు తక్కువైనచో కవాటముపై రక్తము గడ్డకట్టును. ఎక్కువైనచో రక్తస్రావము కలుగును. అందుచేతనే ఆమెకు తరచుగ రక్తపరీక్ష చేసి మోతాదును సరిచూచుచుందురు.

ఆమెకు కీళ్లనొప్పులును కలవు. గుండెకు మేలని బంధువొకరు వెల్లుల్లి గుళికలు తెచ్చియిచ్చిరి. సంతలో ఒకడు కీళ్లనొప్పులకని పేరులేని పొడిని అమ్మెను. ఆమె రెండును వాడుచున్నది. కుమారుడు ఆమెను దిల్‌సుఖ్‌నగరులోని వైద్యునికి చూపి, దుకాణమునకు వచ్చి చీటీ ఇచ్చెను. దుకాణములోని ఫార్మసిస్టు మందులు తీయుచు ఇట్లు అడిగెననుకొందము:

"అమ్మా, ఈ గోలీలు గాక ఇంకేమన్న మందులు వాడుతున్నరా?"

"లేదు బిడ్డా, ఇవే."

"చెట్లమందులు, పొడులు, బలం గోలీలు ఏమన్న?"

"అవైతే వాడుతున్న. చెట్లమందు గూడ మందేనా బిడ్డా?"

ఈ పాఠమంతయు ఆ ముసలితల్లి ప్రశ్నలోనే ఇమిడియున్నది. మొదటి ప్రశ్నకు ఆమె అబద్ధమాడలేదు. ఆమె దృష్టిలో మందు అనగా డాక్టరు వ్రాసినది; వెల్లుల్లి వంటింటి వస్తువు; పొడి నాటువైద్యము. రెండవ ప్రశ్న వేసినందుననే అసలు సంగతి బయటపడినది. గుళికల రూపములో వెల్లుల్లిని హెచ్చుగ వాడినచో రక్తము పలుచబడు గుణము పెరుగవచ్చును. సంతపొడిలో నొప్పిని అణచు అల్లోపతి మందు కలిసియున్నచో కడుపులో రక్తస్రావమే కావచ్చును. ఫార్మసిస్టు ఈ విషయమును వైద్యునికి ఫోనుచేసి చెప్పి, ఆ రెండింటిని నిలిపించి, రక్తపరీక్ష ముందుగ చేయించును.

ఆ ప్రశ్న వేయకపోయినచో ఏమగును? పది దినముల పిదప ఊరిలో ఆమె చిగుళ్లనుండి రక్తము కారును, లేదా మలము నల్లగ వెడలును. వేడిచేసినదని ఇంటివారు మజ్జిగ పోయుదురు. వెల్లుల్లి గుళికలకును ఆ రక్తమునకును గల సంబంధము ఎవ్వరికిని తోచదు.

మూలికకు గౌరవము, దాని బలమునకు జాగ్రత్త

మూలికా వైద్యమును చులకన చేయుట మా ఉద్దేశము కాదు. మన దేశపు సర్పగంధ వేరును రక్తపుపోటు తగ్గించుటకు రోగులపై పరిశీలించి, బొంబాయి వైద్యుడు డాక్టర్ రుస్తుం జాల్ వకీలు 1949లో ప్రకటించిన వ్యాసము లోకమంతటి వైద్యులను ఆకర్షించినది. 1952లో ఆ వేరునుండి రెసెర్పిన్ అను సారమును వేరుచేసిరి. అది అనేక సంవత్సరములు రక్తపుపోటునకు ముఖ్యమైన మందుగా నిలిచినది. అయితే అదే మందు కొందరికి మనస్సును క్రుంగదీయునని కూడ వైద్యులు గుర్తించిరి. ఇంగ్లండులో 1785లో విలియం విదరింగ్ వర్ణించిన డిజిటాలిస్ ఆకు గుండెజబ్బునకు మందైనది. మోతాదు మీరినచో అదియే విషము.

ఈ రెండు చరిత్రలును చెప్పునది ఒక్కటే. బలము లేని మూలిక మేలు చేయజాలదు. బలమున్న మూలిక కీడును చేయగలదు. "చెట్లమందు గనుక ఏమియు కాదు" అనువారు ఆ మూలికను గౌరవించుట లేదు. దాని బలమును ఎరుగకున్నారు. మన పూర్వ వైద్యులు మోతాదు, అనుపానము, పథ్యము అని ఇన్ని నియమములు పెట్టుటకు కారణము ఆ బలమే. నేడు మందు మిగిలినది, నియమములు పోయినవి. పైగా నాటి రోగి ఒక్క వైద్యుని మందే తినెను. నేటి రోగి షుగరునకు ఒకటి, బీపీకి ఒకటి, గుండెకు ఒకటి మ్రింగుచు, వాని నడుమ కషాయమును త్రాగుచున్నాడు.

దుకాణపు అరలలో నాలుగు తెగలు

మందుల దుకాణములోని సీసాలన్నియు ఒకేవిధముగ కనబడును. చట్టము దృష్టిలో అవి వేరువేరు. పంచాయతీ సభ్యులు ఈ భేదమును తప్పక ఎరుగవలెను.

మొదటి తెగ అల్లోపతి ఔషధములు. ఇవి 1940 నాటి ఔషధముల, సౌందర్య సాధనముల చట్టమునకును, 1945 నాటి నియమములకును లోబడినవి. తయారీకిని అమ్మకమునకును లైసెన్సు కావలెను. వైద్యుని చీటీపై ఇచ్చు మందులను రిజిస్టరైన ఫార్మసిస్టు స్వయముగ పర్యవేక్షించి ఇవ్వవలెను.

రెండవ తెగ ఆయుర్వేద, సిద్ధ, యునానీ ఔషధములు. 1964లో చేసిన సవరణచే ఇవియు ఆ చట్టములోనికి వచ్చినవి. తయారీకి లైసెన్సు కావలెను. చిల్లర అమ్మకమునకు ప్రత్యేక లైసెన్సు అక్కరలేదు. కావున ఇవి కిరాణా కొట్టులోను దొరకును. సీసాపై తయారీదారుని లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, మందులో కలిపిన దినుసుల పేర్లు ఉండవలెను. వత్సనాభి, ముష్టి, ఉమ్మెత్త, గురివింద వంటి విషద్రవ్యములు నియమములలోని ఇ(1) షెడ్యూలులో చేరినవి. అవి కలిసిన మందులను కడుపులోనికి తీసికొనునప్పుడు వైద్య పర్యవేక్షణ ఉండవలెనను హెచ్చరికను సీసాపై ముద్రింపవలెను.

మూడవ తెగ బలవర్ధక ఆహారములు. ప్రొటీను పొడులు, విటమిను గుళికలు, చేపనూనె గుళికలు మొదలగునవి ఇందులో చేరును. ఇవి 2006 నాటి ఆహార భద్రతా చట్టమునకు లోబడినవి. వీనికై 2016లో ప్రత్యేక నిబంధనలు వెలువడినవి. వీనిపై పదునాలుగు అంకెల ఆహార లైసెన్సు సంఖ్యయు, "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అను మాటయు ఉండవలెను. ఆ మాటకు అర్థము ఇది వైద్యమునకు వాడదగినది కాదని. షుగరు తగ్గించును, కీళ్లనొప్పులు మాన్పును అని చెప్పి అమ్ముచున్న డబ్బాపై ఈ మాట యున్నచో, అమ్మువాని మాట నమ్మవలెనా, డబ్బాపై ముద్రించినది నమ్మవలెనా అని గ్రామస్థుడు ఆలోచింపవలెను.

నాలుగవ తెగ పేరు, ఊరు లేనివి. కాగితములో కట్టిన పొడి, చీటీ అంటింపని సీసా, సంతలో అమ్ము గుళిక. ఇవి ఏ లైసెన్సునకును లోబడనివి. మంచి మందుల దుకాణములో ఇవి ఉండవు. మన గ్రామములలో మాత్రము ఇవియే ఎక్కువగ తిరుగుచుండును.

ఫార్మసిస్టు ఎవరు, అతని పని యేమి

పూర్వము మన పల్లెలలో "కాంపౌండరు" అనుచుండిరి. 1948 నాటి ఫార్మసీ చట్టము ఈ వృత్తికి ఒక స్థాయిని కల్పించినది. ఫార్మసీలో డిప్లొమా గాని, డిగ్రీ గాని చదివి, రాష్ట్ర ఫార్మసీ కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొనినవాడే ఫార్మసిస్టు. వారి చదువులో ఫార్మకాగ్నసీ అను శాస్త్రము ఒక భాగము. అది మొక్కలనుండి, ప్రాణులనుండి లభించు మందులను గూర్చిన శాస్త్రము. కావున మూలికలను గూర్చి అడుగుటకు ఫార్మసిస్టు తగినవాడే.

2015లో భారత ఫార్మసీ కౌన్సిలు వృత్తి నిబంధనలను ప్రకటించినది. వాని ప్రకారము ఫార్మసిస్టు మందును అందించుటతో పని ముగిసినట్లు కాదు. మందు పేరేమి, ఎట్లు వాడవలెను, ఎంతకాలము వాడవలెను, ఏ ఇబ్బందులు రావచ్చును, ఎట్లు భద్రపరచవలెను, ఒక పూట మరచినచో ఏమి చేయవలెను అను విషయములను రోగికి వివరింపవలెను. ఈ సలహాను అడుగుట కొనువాని హక్కు. అది దయాదాక్షిణ్యము కాదు.

అయితే ఇచ్చట ఒక లోటు కలదు. చీటీపై ఇచ్చు మందు విషయములో చట్టము ఫార్మసిస్టును గట్టిగ బంధించినది. అదే బల్లమీద ప్రక్కనే పేర్చిన చూర్ణములు, గుళికలు కొనువాడు చేతితో చూపి తీసికొని పోవుచున్నాడు. వానిని గూర్చి ప్రశ్నింపుమని చట్టము అంత గట్టిగ చెప్పలేదు. సాయంకాలపు రద్దీలో బల్లవద్ద నిలుచువాడు చాలచోట్ల ఫార్మసిస్టు గాక సహాయకుడై యుండును. అమ్మకమువలన లాభము కలదు. ప్రశ్నవలన ఆలస్యము కలదు. ఇట్టిచోట పని చేయవలసినది వృత్తిధర్మము. ఆ ధర్మమును మేల్కొలుపునది కొనువాని ప్రశ్నయే. "ఫార్మసిస్టు గారు ఉన్నారా? ఒక మాట అడుగవలెను" అని పదిమంది అడిగిన దుకాణములో ఫార్మసిస్టు బల్లవద్దకు రాక తప్పదు.

ఏది దేనితో పొసగదు

పల్లెలలో తరచుగ కానవచ్చు కొన్ని జంటలను ఇచ్చట చెప్పుచున్నాము. ఇది భయపెట్టుటకు కాదు. అడుగుటకు, చెప్పుటకు వీలగునని.

1. షుగరు గోలీలతో పొడపత్రి, మెంతిపొడి, కాకరరసము: గ్లిమెపిరైడ్ వంటి గోలీలు గాని, ఇన్సులిన్ గాని వాడువారు వీనిని హెచ్చుగ తీసికొనినచో చక్కెర మితిమీరి పడిపోవచ్చును. చెమటలు, వణకు, విపరీతమైన ఆకలి, తికమక దాని గుర్తులు. పరగడుపున పొలమునకు పోవు కూలీలకు ఇది మరింత ప్రమాదము. తెలివియున్నచో వెంటనే చక్కెరనీరు గాని బెల్లము గాని ఇవ్వవలెను. తెలివి తప్పినచో నోటిలో ఏమియు పోయక 108కి ఫోను చేయవలెను. కూరగా తిను కాకరకాయకు ఈ హెచ్చరిక వర్తింపదు.

2. బీపీ మందులతో అతిమధురము: దగ్గునకై అతిమధురమును వారముల తరబడి ఎక్కువగ వాడినచో రక్తపుపోటు పెరుగును, శరీరములోని పొటాషియము తగ్గును. మూత్రము జారీచేయు బీపీ గోలీలు, గుండెకు డిగాక్సిన్ వాడువారికి ఇది కీడు.

3. థైరాయిడు గోలీతో కాల్షియము, ఇనుము: థైరాయిడు గోలీని పరగడుపున వేసికొని, కాల్షియము, ఐరను మాత్రలకు నాలుగు గంటల ఎడము ఉంచవలెను. లేనిచో మందు ఒంటబట్టదు.

4. గర్భిణీ స్త్రీలకు ఇచ్చు ఐరను, కాల్షియము మాత్రలు: రెండును మంచివే, ఒకేసారి వేసికొనినచో ఇనుము చక్కగ ఒంటబట్టదు. వేరువేరు పూటల తీసికొనవలెను. ఐరను మాత్రలను చిన్నపిల్లల చేతికి అందనీయరాదు. మిఠాయి యనుకొని మ్రింగినచో ప్రాణాపాయము.

5. విటమిన్ డి: అరువదివేల యూనిట్ల మాత్రను సాధారణముగ వారమునకొకటి చొప్పున వ్రాయుదురు. బలమునకని ప్రతిదినము మ్రింగినచో రక్తములో కాల్షియము పెరిగి మూత్రపిండములు దెబ్బతినును. "దినమునకా, వారమునకా" అని అడిగి తెలిసికొని, పెట్టెమీద వ్రాయించుకొనవలెను.

6. జుట్టునకని వాడు బయోటిన్: ఇది కొన్ని రక్తపరీక్షల ఫలితములను తప్పుగ చూపించును. గుండెపోటును కనుగొను పరీక్షయు, థైరాయిడు పరీక్షయు వానిలో కలవు. 2017లో అమెరికా ఔషధ శాఖ ఈ విషయమై హెచ్చరిక చేసినది. పరీక్షకు రక్తమిచ్చునప్పుడు ఈ సంగతి చెప్పవలెను.

7. మిరియాల సారము కలిపిన పసుపు గుళికలు: కూరలోని పసుపు వేరు, సారము తీసిన గుళిక వేరు. ఇట్టి గుళికలవలన కొందరికి కాలేయము దెబ్బతినినట్లు ఇటలీ, అమెరికా, ఆస్ట్రేలియా దేశములలో వెల్లడియైనది. మిరియాల సారము మూర్ఛకు వాడు ఫెనిటాయిన్ వంటి మందును రక్తములో హెచ్చించును.

ఆపరేషను నిశ్చయమైనవారు తాము వాడు చెట్లమందులను, గుళికలను గూర్చి శస్త్రవైద్యునికి ముందుగనే చెప్పవలెను. వానిలో కొన్ని రక్తస్రావమును పెంచును. కొన్ని మత్తుమందుతో పొసగవు.

ప్రొటీను పొడులను గూర్చి ఒక మాట. కూనూరునుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే కలదు. ఆ సంస్థ 2024 మే నెలలో ప్రకటించిన ఆహార మార్గదర్శక సూత్రములలో కండపుష్టికై ప్రొటీను పొడులు వాడవద్దని సలహా చెప్పినది. పప్పు, పాలు, గ్రుడ్డు, వేరుసెనగ మన ఊళ్లలోనే దొరకును. మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుని అడుగక ఆ పొడుల జోలికి పోరాదు.

తిప్పతీగ నేర్పిన పాఠము

2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు మన పల్లెలలోను పట్నములలోను తిప్పతీగ కషాయము త్రాగనివారు అరుదు. ఆ యేడాది సెప్టెంబరు, డిసెంబరు నెలల నడుమ ముంబయి వైద్యులు కాలేయము దెబ్బతినిన ఆరుగురు రోగులను చూచిరి. వారందరును తిప్పతీగను వాడినవారే. పిదప హైదరాబాదులోని ఒక ఆసుపత్రి వైద్యుడు ముఖ్య రచయితగా, దేశములోని 13 కేంద్రముల వైద్యులు కలిసి ఇట్టి 43 మంది రోగులను పరిశీలించి 2022లో వ్యాసము ప్రకటించిరి. కొందరికి అంతకుముందే బయటపడని కాలేయవ్యాధి యున్నట్లు తేలినది. తిప్పతీగను మానిన పిదప కోలుకొనినవారే ఎక్కువ. అయినను కొందరు మరణించిరి.

కేంద్ర ఆయుష్ మంత్రిత్వశాఖ ఈ నిర్ణయమును అంగీకరింపలేదు. తగిన మోతాదులో తిప్పతీగ క్షేమకరమేననియు, దానిని పోలిన వేరొక తీగను పొరపాటున వాడియుండవచ్చుననియు చెప్పినది. 2022 ఫిబ్రవరిలో ఆ రెండు తీగల భేదమును వివరించుచు, వైద్యుని సలహాపైననే వాడవలెనని ప్రజలకు సూచించినది.

పండితుల వాదము పండితులకు వదలుదము. మనకు కావలసిన పాఠము ఇరుపక్షముల మాటలలోను కలదు. తీగ ఏదియో గుర్తింపక వాడరాదు. మోతాదు, కాలపరిమితి లేక వాడరాదు. కాలేయవ్యాధి గలవారు అడుగక వాడరాదు. కండ్లు పచ్చబడినను, మూత్రము ముదురురంగుగ వెడలినను, వెంటనే మాని వైద్యుని చూడవలెను. కామెరలకు పసరు పోయించుకొనుటకు మరొక ఊరికి పరుగెత్తుట మన ప్రాంతపు అలవాటు. పసరువలననే కలిగిన కామెరలకు మరల పసరు పోసినచో రోగి గతి యేమి?

పేరులేని పొడులు

నల్లగొండ ప్రాంతపు గ్రామములు ఫ్లోరైడు నీటివలన ఎంత బాధపడినవో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఎముకల నొప్పులు, కీళ్లనొప్పులు గల ఊళ్లకు నొప్పుల పొడి అమ్మువాడు తప్పక వచ్చును. ఒక్క దినములోనే నొప్పి మాయమైనచో సంతోషింపక, సందేహింపవలెను. ఇట్టి పొడులలో స్టెరాయిడు మందులను రహస్యముగ కలుపుట కలదు. కొన్ని వారములలో ముఖము ఉబ్బును. షుగరు, రక్తపుపోటు పెరుగును. ఎముకలు మరింత బలహీనపడును. అట్టి పొడిని చాలకాలము వాడినవారు ఒక్కసారిగ మానుటయు ప్రమాదమే. పొడిని వెంట తీసికొనిపోయి వైద్యునికి చూపి, ఆయన చెప్పినట్లు మానవలెను.

మరియొక భయము సీసము, పాదరసములది. అమెరికాలోని బోస్టను నగర ప్రాంతపు దుకాణములలో అమ్ముచున్న 70 ఆయుర్వేద మందులను పరిశోధకులు పరీక్షింపగా, 14 మందులలో సీసము, పాదరసము, ఆర్సెనిక్ లలో ఏదో ఒకటి కానవచ్చినట్లు 2004లో ప్రకటించిరి. అవి దక్షిణాసియాలో తయారైనవే. గర్భిణులకును, పసిపిల్లలకును ఇవి మిక్కిలి హానికరములు. రసౌషధములను అర్హత గల ఆయుర్వేద వైద్యుని చేతిమీదుగనే తీసికొనవలెను. హైదరాబాదు ఎర్రగడ్డలోని డాక్టర్ బి.ఆర్.కె.ఆర్. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రివంటి సంస్థలు ఉండగా సంతలోని గుడారమును ఆశ్రయింప నవసరము లేదు.

షుగరు, క్యాన్సరు, పక్షవాతము మొదలగు జబ్బులను మాన్పుదుమని ప్రకటనలు చేయుట 1954 నాటి ఔషధముల, మంత్రచికిత్సల చట్టము క్రింద నేరము. తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖవారు ఇటీవలి సంవత్సరములలో ఇట్టి మాటలు ముద్రించిన ఆయుర్వేద మందులను పలుమారులు పట్టుకొనిరి.

బల్లకు ఇరువైపుల

మందుల బల్లకు ఆవలివైపు ఫార్మసిస్టు అడుగవలసినవి ఐదు ప్రశ్నలు: ఇంకేమి వాడుచున్నారు? చెట్లమందు, పొడి, టానిక్కు, బలం గోలీ ఏదైన కలదా? ఎవరు చెప్పగా, ఎంతకాలమునుండి? షుగరు, బీపీ, కాలేయము, మూత్రపిండముల జబ్బు కలదా? స్త్రీయైనచో గర్భిణియా, పాలిచ్చు తల్లియా? ఈ ఐదింటికి ఒక్క నిమిషము చాలును. తనకు తెలియనిచో వైద్యునికి ఫోను చేయుట అతనికి చిన్నతనము కాదు. అమ్మదగనిదానిని అమ్మనని చెప్పుటయే అతని వృత్తికి గౌరవము.

ఈవలివైపు కొనువాడు చేయవలసినవి మూడు. డాక్టరు తిట్టునేమో యను భయముతో దేనిని దాచరాదు. వాడుచున్న సీసాలు, పొట్లములు అన్నిటిని ఒక సంచిలో వేసికొని వెంట తీసికొనిపోవలెను; పేరు గుర్తులేనప్పుడు సంచియే సాక్ష్యము. బిల్లు అడిగి తీసికొనవలెను. ఆపద కలిగినప్పుడు అదియే ఆధారము.

పంచాయతీ చేయదగిన పనులు

ఫార్మసిస్టు దిల్‌సుఖ్‌నగరులో ఉండును; రోగి మన ఊరిలో ఉండును. నడుమ దూరమును తగ్గించుట పంచాయతీ పని.

మొదటిది, గ్రామసభలో ఈ విషయమును ఒక్కమారైనను చర్చింపవలెను. ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ ఉపాధ్యాయిని ముగ్గురును ఆ సభలో ఉండవలెను. ఇంటింటికి పోవునప్పుడు "ఏ మందులు వాడుతున్నరు" అని మాత్రమే గాక, "చెట్లమందు, బలం గోలీ ఏమన్న వాడుతున్నరా" అని కూడ అడుగునట్లు చూడవలెను.

రెండవది, దీర్ఘవ్యాధులు గలవారి ఇంట ఒక మందుల కాగితము ఉండవలెను. అందులో డాక్టరు మందులు ఒకవైపు, ఇతరములు మరొకవైపు వ్రాయింపవలెను. చదువుకొను పిల్లలు ఈ పని సులభముగ చేయగలరు. పట్నము పోవు దినమున ఆ కాగితము జేబులో ఉండవలెను.

మూడవది, ఊరి కిరాణా కొట్టులను గమనింపవలెను. వేయిమందికి మించని జనాభా కలిగి, లైసెన్సు గల మందుల దుకాణము లేని గ్రామములో కొన్ని గృహౌషధములను లైసెన్సు లేకయే అమ్ముటకు 1945 నాటి నియమములలోని కె షెడ్యూలు అనుమతించుచున్నది. అవి లైసెన్సు గల టోకు వర్తకునినుండి కొన్నవై, విప్పని అసలు పెట్టెలలో ఉండవలెను. ఈ అనుమతి యాంటిబయాటిక్కులకు వర్తింపదు. మాత్రల పట్టీపై నిలువు ఎర్రగీత యున్నచో వైద్యుని చీటీ లేక దానిని కొనరాదు, అమ్మరాదు.

నాలుగవది, సంతలోను జాతరలోను పేరులేని మందులు అమ్మువారికి స్థలమీయరాదు. సభ్యత్వము కట్టించుకొని బలవర్ధక డబ్బాలను ఇంటింట అమ్మువారు మన బంధువులే కావచ్చును. వారితో తగవు పెట్టుకొన నక్కరలేదు. డబ్బాపై ముద్రించిన హెచ్చరికను నలుగురిలో చదివి వినిపించిన చాలును.

ఐదవది, కీడు జరిగినచో ఊరకుండరాదు. మందువలన కలిగిన ఇబ్బందులను తెలుపుటకు 2010లో ఏర్పడిన భారత ఔషధ భద్రతా కార్యక్రమమువారి ఉచిత ఫోను సంఖ్య 1800-180-3024. అనుమానాస్పదమగు మందులను గూర్చి తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖకు 1800-599-6969 సంఖ్యపై తెలుపవచ్చును. ఈ రెండు సంఖ్యలను పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు.

సభ్యులారా! తిప్పతీగ మన కంచెలమీద ప్రాకునదే. మెంతులు మన వంటింటివే. వానిని విడనాడుమని మేము చెప్పుట లేదు. మందుల దుకాణములో చీటీతోపాటు ఆ మాటయు బల్లమీద పెట్టుడని మాత్రమే చెప్పుచున్నాము. "చెట్లమందు గూడ మందేనా బిడ్డా" అని ఆ తల్లి అడిగిన ప్రశ్నకు మీ ఊరిలోని ప్రతి ఇంటను "ఔను, మందే" అను జవాబు తెలిసిననాడు ఈ పాఠము సార్థకమగును.

చర్చింపదగిన ప్రశ్నలు

1. మీ గ్రామములో షుగరు, బీపీ గోలీలతోపాటు చెట్లమందులు వాడువారు ఎందరు? వారిలో వైద్యునికి చెప్పినవారు ఎందరు?

2. మీ ఊరి కిరాణా కొట్టులో అమ్ముచున్న మందులు పైన చెప్పిన నాలుగు తెగలలో దేనికి చెందినవి?

3. ఒక బలవర్ధక డబ్బాను సభకు తెచ్చి, దానిపై ముద్రించినదంతయు చదువుడు. లైసెన్సు సంఖ్య, హెచ్చరిక ఉన్నవా?

4. పట్నమునకు వైద్యమునకై పోవువారికి మందుల కాగితము వ్రాసియిచ్చు భారమును మీ ఊరిలో ఎవరు వహింపగలరు?